గాలి లెక్క చెప్పే ఎండ



గాలి మనకు కనపడదు. చేత్తో పట్టుకుందామంటే చిక్కదు. కాని కొన్ని నిమిషాలు గాలి అందకపోతే ప్రాణం నిలవదు.

బియ్యం మానికతో కొలుస్తాం. పాలు లీటరుతో కొలుస్తాం. బంగారం త్రాసులో వేసి తూస్తాం. మరి గాలిని ఎట్లా కొలవాలి? గాలిలో ఏం కలిసిందో ఎట్లా తెలుసుకోవాలి? అదీ మన తల మీద ఇరవై, ముప్పై కిలోమీటర్ల ఎత్తున ఉన్న గాలిలో?

దానికి ఒక దారి ఉంది. అది ఎండ. అవును, మనం వడియాలు పెట్టుకునే ఎండే. ఒడ్లు ఆరబోసుకునే ఎండే. ఆ ఎండే గాలి గుట్టు బయటపెడుతుంది. ఎట్లాగో ఈ పాఠంలో తెలుసుకుందాం.

గాలి అంటే ఒక్కటి కాదు

గాలి అంటే ఒకే వస్తువు అనుకుంటాం. కాదు. అది చాలా వాయువుల కలగలుపు. తేమ లేని గాలిని 100 పాళ్లు చేస్తే అందులో 78 పాళ్లు నత్రజని ఉంటుంది. దాదాపు 21 పాళ్లు ప్రాణవాయువు. ఈ రెండూ కలిపితే 99 పాళ్లు అయిపోయాయి. మిగిలింది ఒక్క పాలు. మిగతా వాయువులన్నీ ఆ ఒక్క పాలులోనే సర్దుకుని ఉంటాయి. బొగ్గుపులుసు వాయువు అందులోదే. ఓజోన్ అందులోదే.

ఇంత కొంచెమే కదా అని తీసిపారేయకూడదు. కుండెడు పప్పులో ఉప్పు ఎంత వేస్తాం? గుప్పెడు కూడా వెయ్యం. అయినా ఉప్పు తక్కువైనా, ఎక్కువైనా ఆ పప్పు నోట పెట్టలేం. గాలిలో ఈ కొంచెం వాయువులు కూడా అట్లాంటివే. అవి తగ్గినా పెరిగినా మన ఒంటి మీద, పంటల మీద, ఎండ మీద, వాన మీద దెబ్బ పడుతుంది.

వాయువులే కాదు. గాలిలో సన్నని నలుసులు కూడా తేలుతుంటాయి. దుమ్ము, పొగ, మసి, సముద్రం మీంచి లేచే ఉప్పు, ఇవన్నీ నలుసులే. వీటిని కూడా కొలవాలి.

ఎండలో ఎన్ని రంగులు?

ఎండ తెల్లగా ఉంటుంది అంటాం. కాని వాన వెలిసినప్పుడు ఎదురుగా ఎండ కాస్తే ఇంద్రధనుస్సు కనపడుతుంది. ఊదా, నీలిమందు రంగు, నీలం, ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు. ఏడు రంగులు. ఆ రంగులు వానలోంచి పుట్టలేదు. అవి ఎండలోనే ఉన్నాయి. వాన చినుకులు వాటిని విడదీసి చూపాయి. అంతే.

ఈ ఏడు రంగులే కాదు. ఊదా రంగుకు అవతల ఇంకా వెలుగు ఉంది. అది మన కంటికి కనపడదు. దాన్ని అతినీలలోహిత కిరణాలు అంటారు. పేరు పెద్దదే. తేలిగ్గా చెప్పాలంటే 'ఊదా అవతలి వెలుగు' అనుకుందాం. ఎరుపుకు అవతల కూడా కనపడని వెలుగు ఉంది. దాన్ని పరారుణ కిరణాలు అంటారు. మనం దాన్ని 'ఎరుపు అవతలి వెలుగు' అందాం.

ఎండలోంచి రంగులను విడదీసే యంత్రాలు ఉన్నాయి. 1814లో జర్మనీ దేశంలో ఫ్రాన్‌హోఫర్ అనే ఆయన అట్లాంటి యంత్రంతో ఎండను చూశాడు. ఆయన అద్దాలు తయారు చేసేవాడు. రంగుల పట్టీ మధ్య ఆయనకు వందల కొద్దీ నల్లటి గీతలు కనపడ్డాయి. రంగుల చీరలో అక్కడక్కడ ఒక పోగు లేకపోతే ఎట్లా ఉంటుంది? అట్లా ఉన్నాయి ఆ గీతలు. ఆ పోగులు ఏమైనాయి? వాటిని ఎవరు లాగేశారు?

ఎవరు ఏం తిన్నారు?

ఈ సంగతి మన ఇంటి లెక్కలో చెప్పుకుందాం.

పండగకు ఒక తల్లి అరిసెలు, సున్నుండలు, జంతికలు చేసి డబ్బాల్లో పెట్టింది. ఆ ఇంట్లో ముగ్గురు పిల్లలు. పెద్దవాడికి అరిసెలంటే ఇష్టం. నడిపిదానికి సున్నుండలు. చిన్నదానికి జంతికలు. తల్లి పొలం నుంచి వచ్చి డబ్బాలు తెరిచింది. అరిసెలు అట్లాగే ఉన్నాయి. జంతికలు అట్లాగే ఉన్నాయి. సున్నుండలు నాలుగు తగ్గాయి. ఎవరు తిన్నారో ఆమెకు వేరే చెప్పాలా? ఎన్ని తిన్నారో కూడా తెలిసిపోయింది. ఆమె కళ్లారా చూడలేదు. అయినా తెలిసింది.

వాయువులు కూడా ఆ పిల్లల లాంటివే. ఒక్కో వాయువు ఎండలోంచి ఒక్కో రంగు వెలుగును తింటుంది. ఓజోన్ ఎక్కువగా ఊదా అవతలి వెలుగును తింటుంది. వాహనాల పొగలో వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్ అనే వాయువు ఊదా, నీలం రంగుల వెలుగును తింటుంది. బొగ్గుపులుసు వాయువు, మీథేన్ ఎరుపు అవతలి వెలుగును తింటాయి. మీథేన్ అంటే గోబర్ గ్యాసులో ఎక్కువగా ఉండేదే.

ఎండ గాలిలోంచి వచ్చాక ఏ రంగు తగ్గిందో చూస్తే ఏ వాయువు ఉందో తెలుస్తుంది. ఎంత తగ్గిందో చూస్తే ఆ వాయువు ఎంత ఉందో తెలుస్తుంది. ఈ పాఠంలో అసలు కిటుకు ఇదే.

ఇక్కడ గుంటూరు ముచ్చట ఒకటి చెప్పుకోవాలి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. అది చూడటానికి ఫ్రాన్సు దేశం నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త గుంటూరు వచ్చాడు. రంగులు విడదీసే యంత్రం వెంట తెచ్చాడు. సూర్యుడి అంచున ఎగిసే మంటల వెలుగును ఆ యంత్రంలో చూశాడు. ఆ గ్రహణం నాటి, ఆ తర్వాతి పరిశీలనల్లో ఒక పసుపు గీత బయటపడింది. అది అప్పటికి తెలిసిన ఏ పదార్థానికీ సరిపోలేదు. అది కొత్త వాయువు అని తేలింది. సూర్యుడి పేరు మీద దానికి హీలియం అని పేరు పెట్టారు. అదే హీలియాన్ని భూమి మీద పట్టుకున్నది 1895లో. అంటే కోట్ల మైళ్ల దూరంలో ఉన్న వాయువును ముందు వెలుగులో గుర్తుపట్టారు. చేతికి చిక్కింది తర్వాత.

మన నెత్తి మీద గొడుగు

ఇప్పుడు ఓజోన్ సంగతి చూద్దాం. ఇది ప్రాణవాయువుకు దగ్గరి చుట్టమే. ఎక్కువ ఓజోన్ నేలకు 15 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడ అది గొడుగులా పనిచేస్తుంది. ఎండలోని ఊదా అవతలి వెలుగులో చెడ్డ భాగాన్ని చాలావరకు అదే తినేస్తుంది. కిందికి రానివ్వదు.

ఆ వెలుగు అంతా నేరుగా మన మీద పడితే ఏమవుతుంది? చర్మానికి క్యాన్సర్ రావచ్చు. కళ్లకు శుక్లాలు రావచ్చు. పైరుకు కూడా చేటే. పొద్దస్తమానం ఎండలో నాట్లు వేసేవాళ్లకు, కలుపు తీసేవాళ్లకు ఈ గొడుగు ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ గొడుగు ఎంత మందం? పైనున్న ఓజోన్ అంతా పోగు చేసి నేల మీదికి దించి పరిచామనుకోండి. సుమారు 3 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అంటే దాదాపు రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. అంతే! ఆ కాస్త గొడుగు కిందే ఇన్ని కోట్ల ప్రాణాలు బతుకుతున్నాయి.

దీన్ని మొదట పద్ధతిగా కొలిచినవాడు ఇంగ్లండు దేశపు డాబ్సన్. 1920లలో ఆయన ఒక యంత్రం చేశాడు. అందులో ఊదా అవతలి వెలుగులోంచి రెండు రకాలు ఎంచుకున్నాడు. ఒకటి ఓజోన్ బాగా తినేది. రెండోది ఓజోన్ అంతగా ముట్టనిది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చాడు. పల్చటి మబ్బు అడ్డం వస్తే రెండూ ఇంచుమించు ఒకేలా తగ్గుతాయి. మొదటిది ఒక్కటే బాగా తగ్గితే అది ఓజోన్ పని.

ఆయన పేరు మీదే ఓజోన్‌కు కొలమానం వచ్చింది. 3 మిల్లీమీటర్ల మందం అంటే 300 డాబ్సన్లు. మామూలుగా లోకం మీద ఉండేది అటూ ఇటూగా అంతే.

పైనుంచి చూసే కన్ను

డాబ్సన్ యంత్రం మంచిదే. కాని అది పెట్టిన చోటి లెక్కే చెబుతుంది. లోకమంతా యంత్రాలు పెట్టాలంటే కుదరదు. సముద్రాల మీద ఎవరు పెడతారు? మంచు ఎడారుల్లో ఎవరు కాపలా ఉంటారు? అందుకే శాస్త్రవేత్తలు యంత్రాన్ని ఉపగ్రహంలో పెట్టి పైకి పంపారు.

పైనుంచి ఎట్లా కొలుస్తారు? ఎండ పైనుంచి కిందికి దిగుతుంది. గాలికి, మబ్బుకు, నేలకు, నీళ్లకు తగిలి కొంత వెలుగు వెనక్కి మళ్లుతుంది. గోడకు కొట్టిన బంతి వెనక్కి వచ్చినట్టే. దిగేటప్పుడు ఒకసారి, ఎక్కేటప్పుడు ఒకసారి, రెండుసార్లు అది గాలిని దాటుతుంది. రెండుసార్లూ వాయువులు తమ వాటా తింటాయి.

ఉపగ్రహం ముందు సూర్యుడి వైపు చూస్తుంది. డబ్బాలో మొదట ఎన్ని సున్నుండలు పెట్టామో చూసుకున్నట్టు. తర్వాత భూమి వైపు చూస్తుంది. ఎన్ని మిగిలాయో లెక్కపెట్టినట్టు. ఆ రెండింటికీ తేడా చూసి వాయువు ఎంత ఉందో లెక్క కడతారు. సూర్యుడు ఎంత వాలుగా ఉన్నాడు, కింద మబ్బు ఉందా, మంచు ఉందా, ఇవన్నీ కూడా ఆ లెక్కలో సరిచూస్తారు.

1978 అక్టోబరులో అమెరికా నింబస్-7 అనే ఉపగ్రహాన్ని పంపింది. అందులో ఓజోన్ కొలిచే యంత్రాలు ఉన్నాయి. ఎండ పడిన చోటల్లా రోజూ అది ఓజోన్ పటం గీసేది.

గొడుగుకు పడిన చిల్లు

భూమి అడుగున, దక్షిణ ధ్రువం చుట్టూ అంటార్కిటికా అనే ఖండం ఉంది. అంతా మంచే. అక్కడ హేలీ బే అనే చోట ఇంగ్లండు వాళ్ల పరిశోధన కేంద్రం ఉంది. 1950ల చివరి నుంచి అక్కడ డాబ్సన్ యంత్రంతో ఓజోన్ కొలుస్తున్నారు. ఎముకలు కొరికే చలిలో కొలత తీసి పుస్తకంలో రాయాలి. ఏళ్ల తరబడి అదే పని. దీనివల్ల ఏం లాభం అని అడిగినవాళ్లు కూడా ఉన్నారు. అయినా మానలేదు.

1970ల చివరి నుంచి ఆ లెక్కల్లో ఒక తేడా కనపడింది. ప్రతి ఏడూ అక్టోబరు నెలలో ఓజోన్ తగ్గుతూ పోతోంది. మొదట్లో దాదాపు 300 ఉండేది. 1984 అక్టోబరు నాటికి 200 లోపుకు పడిపోయింది. యంత్రం చెడిందేమో అనుకుని ఇంకో యంత్రం తెచ్చి చూశారు. అదీ అదే మాట చెప్పింది. 1985 మే నెలలో జో ఫార్మన్, బ్రయన్ గార్డినర్, జొనాథన్ షాంక్లిన్ అనే ముగ్గురు ఈ సంగతి లోకానికి చెప్పారు.

మరి ఉపగ్రహం రోజూ చూస్తోంది కదా! దానికి కనపడలేదా? కనపడింది. కాని కంప్యూటరుకు ముందే ఒక మాట చెప్పి ఉంచారు. 180 కంటే తక్కువ వస్తే అనుమానం గుర్తు పెట్టి పక్కన ఉంచమన్నారు. ఎందుకంటే అంతవరకు లోకంలో ఎక్కడా అంత తక్కువ ఓజోన్ చూడలేదు. 1983 అక్టోబరు నాటి లెక్కల్లో ఆ అనుమానం గుర్తులు గుంపులుగా వచ్చాయి. ఆ లెక్కలు చూసేవాళ్లలో మన దేశం నుంచి వెళ్లిన పవన్ భార్తియా అనే శాస్త్రవేత్త ఉన్నారు. ఆయన బృందం వాటిని మళ్లీ సరిచూసింది. అవి తప్పులు కావు. నిజంగానే ఓజోన్ పోయింది. 1985 ఆగస్టులో ఒక సభలో ఆ పటం చూపించారు. తగ్గింది హేలీ బే ఒక్కచోటే కాదు. అంటార్కిటికా ఖండమంతా తగ్గింది.

దీన్నే ఓజోన్ చిల్లు అన్నారు. చిల్లు అంటే అక్కడ ఓజోన్ అసలు లేదని కాదు. బాగా పల్చబడిందని. 1990ల నుంచి చాలా ఏళ్లు ఆ చిల్లు 2 కోట్ల చదరపు కిలోమీటర్లు దాటింది. మన దేశం విస్తీర్ణానికి అది ఆరు రెట్లు.

చూశారా! నేల మీద మనిషి రాసిన లెక్క తేడా ఉందని చెప్పింది. పైనున్న ఉపగ్రహం ఆ తేడా ఎంత మేర ఉందో చూపింది. రెండూ కావాలి.

తప్పు ఎవరిది? దిద్దుబాటు ఎట్లా?

ఓజోన్‌ను తిన్నది మనిషి చేసిన వాయువులే. వాటిని క్లోరోఫ్లోరోకార్బన్లు అంటారు. అప్పట్లో ఫ్రిజ్జుల్లో, చల్లదనం ఇచ్చే ఏసీ యంత్రాల్లో, జిమ్మే డబ్బాల్లో వాటిని వాడేవారు. అవి మంటకు అంటుకోవు. వాసన రావు. మంచివే అనుకున్నారు. కాని అవి ఏళ్ల తరబడి చెడకుండా మెల్లగా పైకి పోతాయి. అక్కడ ఎండ దెబ్బకు విరిగి క్లోరిన్‌ను వదులుతాయి. ఆ క్లోరిన్ ఓజోన్‌ను విరగ్గొడుతుంది. ఒక్క క్లోరిన్ కణం లక్ష ఓజోన్ కణాలను నాశనం చేయగలదు.

ఈ ప్రమాదం సంగతి 1974లోనే మొలీనా, రోలాండ్ అనే ఇద్దరు చెప్పారు. చాలామంది నమ్మలేదు. ఆ వాయువులు తయారుచేసే కంపెనీలు ఒప్పుకోలేదు. చిల్లు బయటపడ్డాక లోకం కదిలింది. 1987 సెప్టెంబరు 16న కెనడా దేశంలోని మాంట్రియల్ నగరంలో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. ఆ వాయువులు మెల్లగా తగ్గించాలి, చివరికి మానేయాలి అన్నారు. మన దేశం 1992లో చేరింది. ఇప్పుడు ప్రపంచంలోని దేశాలన్నీ అందులో ఉన్నాయి. అందుకే సెప్టెంబరు 16ను ఓజోన్ దినంగా జరుపుతారు. మొలీనా, రోలాండ్‌లకు 1995లో క్రుట్జెన్ అనే ఇంకో శాస్త్రవేత్తతో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

2010 నాటికి ఆ వాయువుల తయారీ లోకంలో దాదాపు ఆగింది. కాని ముందు పోయినవి ఇంకా పైన ఉన్నాయి. అందుకే గాయం ఒక్కరోజులో మానదు. మెల్లగా మానుతోంది. అంటార్కిటికా మీద ఓజోన్ 1980 నాటి మట్టానికి రావడానికి సుమారు 2066 దాకా పడుతుందని ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తలు అంచనా వేశారు. ఈరోజు బడికి పోయే మన పిల్లలు ముసలివాళ్లు అయ్యేసరికి అన్నమాట. చెడగొట్టడానికి పట్టింది కొన్నేళ్లు. బాగు కావడానికి పట్టేది ఒక జీవితకాలం.

గాలిలో నలుసులు

ఇక నలుసుల సంగతి. పెంకుల సందులోంచి ఇంట్లోకి ఎండపొడ పడుతుంది. అందులో నలుసులు తేలుతూ కనపడతాయి. నీడలో ఉన్న నలుసులు మాత్రం కనపడవు. ఎండ పడితేనే మెరుస్తాయి. అంటే నలుసు వెలుగును అటూ ఇటూ చెదరగొడుతుంది. ఉపగ్రహం కూడా ఆ మెరుపునే చూస్తుంది. సముద్రం పైనుంచి నల్లగా కనపడాలి. దాని మీద తెల్లటి మసక ఉంటే గాలిలో నలుసులు ఉన్నాయని అర్థం.

నలుసులు అన్నీ ఒకటి కావు. ఉప్పు నలుసు వెలుగును చెదరగొట్టి ఊరుకుంటుంది. మసి, పొగ, ఎడారి దుమ్ము ఊదా అవతలి వెలుగును తింటాయి కూడా. కాబట్టి రంగులు పోల్చి అది పొగో, దుమ్మో, ఉప్పో చాలావరకు చెప్పగలరు.

1991 జూన్‌లో ఫిలిప్పీన్స్ దేశంలో పినతూబో అనే అగ్నిపర్వతం పేలింది. గంధకపు వాయువు గొడుగు ఎత్తు దాకా పోయింది. సన్నని బిందువులుగా మారి లోకమంతా పరుచుకుంది. ఉపగ్రహాలు దాని వెంటే చూశాయి. ఆ బిందువులు ఎండను కొంత అడ్డుకున్నాయి. మరుసటి ఏడు భూమి దాదాపు అర డిగ్రీ చల్లబడింది. ఎక్కడో పేలిన కొండ, ఎక్కడో తగ్గిన వేడి!

అక్టోబరు, నవంబరు నెలల్లో పంజాబ్, హర్యానాలలో వరి కొయ్యకాళ్లు కాలుస్తారు. ఆ పొగ ఢిల్లీ దాకా, గంగ మైదానం దాకా పాకడం ఉపగ్రహ చిత్రాల్లో కనపడుతుంది.

మన శ్రీహరికోట నుంచి కూడా ఇట్లాంటి పని చేసే ఉపగ్రహాలు వెళ్లాయి. 2016 సెప్టెంబరు 8న ఇన్సాట్-3డిఆర్, 2024 ఫిబ్రవరి 17న ఇన్సాట్-3డిఎస్ అక్కడి నుంచే ఎగిరాయి. ఇవి ముఖ్యంగా వానలు, తుఫానుల కబురు చెప్పడానికి పంపినవి. వాటి చిత్రాల నుంచి నలుసుల లెక్క కూడా తీస్తారు.

2017 అక్టోబరు 13న ఐరోపా దేశాలు సెంటినెల్-5పి అనే ఉపగ్రహాన్ని పంపాయి. అది 824 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది. రోజుకొకసారి భూమి అంతా చూసేలా దాన్ని తయారు చేశారు. ఓజోన్, నైట్రోజన్ డయాక్సైడ్, మీథేన్, గంధకపు వాయువు, నలుసులు, ఇవన్నీ కొలుస్తుంది. అన్నిటికీ ఎండే ఆధారం.

2020 మార్చి 25న కరోనా వల్ల మన దేశంలో లాక్‌డౌన్ పెట్టారు. బస్సులు, కార్లు ఆగాయి. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. అప్పుడు ముంబై, ఢిల్లీల మీద నైట్రోజన్ డయాక్సైడ్ అంతకుముందు ఏడు అదే రోజులతో పోలిస్తే 40 నుంచి 50 శాతం తగ్గిందని ఆ ఉపగ్రహం చూపింది. ఉత్తర భారతంలో నలుసులు కూడా బాగా తగ్గాయి. అంటే గాలి చెడేది మనిషి పనుల వల్లే అని ఎండ సాక్ష్యం చెప్పింది. అట్లాగని పనులు మానుకుని బతకలేం. ఆ రోజుల్లో కూలి లేక ఎంత బాధపడ్డామో మనకు తెలుసు. పని ఉండాలి. పొగ తగ్గాలి. ఆ దారి వెతకాలి.

ఉపగ్రహానికి కనపడనివి

ఉపగ్రహం అంతా చూస్తుందని అనుకోవద్దు. దానికి ఆధారం ఎండ. కాబట్టి రాత్రిపూట ఈ పద్ధతి పనిచేయదు. దట్టమైన మబ్బు ఉంటే కింద ఏముందో తెలియదు. వానాకాలంలో మన మీద చాలా రోజులు ఇదే పరిస్థితి. పైగా పైనుంచి కింది దాకా ఉన్న గాలి అంతా కలిపి ఒకే లెక్క చెబుతుంది. మన ముక్కు దగ్గర ఎంత ఉందో విడిగా చెప్పడం కష్టం. అందుకే నేల మీద కూడా యంత్రాలు పెట్టి సరిచూసుకుంటారు.

ఇంకో పెద్ద సంగతి. ఉపగ్రహం మన వంటింట్లోకి తొంగిచూడలేదు. కట్టెల పొయ్యి, పిడకల పొయ్యి, పొట్టు పొయ్యి. వీటి ముందు కూర్చుని ఊదేది ఎవరు? ఆడవాళ్లమే. చంకలో పసిబిడ్డ కూడా ఉంటుంది. ఆ పొగలోని సన్నని నలుసులు తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండవు. అవి ఊపిరితిత్తుల లోలోపలికి పోతాయి. దగ్గు, ఆయాసం, న్యుమోనియా, గుండె జబ్బు తెస్తాయి. ఇట్లాంటి ఇంటి పొగ వల్ల 2020లో లోకం మొత్తం మీద సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చెప్పింది.

ఈ పొగను తగ్గించడానికే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం కింద మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. 2016లో దేశమంతా ఉజ్వల పథకం వచ్చింది. కాని సిలిండరు అయిపోయాక మళ్లీ నింపించే డబ్బు లేక కట్టెల పొయ్యికి తిరిగిపోయే ఇళ్లు ఉన్నాయి. కట్టెలు తప్పకపోతే పొయ్యి ఆరుబయట పెట్టుకోవాలి. లేదంటే పొగ గొట్టం పెట్టించుకోవాలి. తలుపు, కిటికీ తెరవాలి. బాగా ఎండిన కట్టెలే వాడాలి. పసిబిడ్డను పొగకు దూరంగా ఉంచాలి.

వంటింట్లో కొలవడానికి ఎండపొడే చాలు. వంట చేసేటప్పుడు కిటికీలోంచి పడే ఎండను చూడండి. అందులో పొగ సుళ్లు తిరుగుతుంటే అదే మీ ఊపిరితో లోపలికి పోతోందని గుర్తుపెట్టుకోండి.

రాసిన లెక్కే కాపాడింది

ఓజోన్ చిల్లు ఎట్లా దొరికింది? ఎవరో ఒకరోజు ఆకాశం వైపు చూస్తే దొరకలేదు. పాతికేళ్లకు పైగా రోజూ కొలిచి రాసిన లెక్క ఉంది కాబట్టి దొరికింది. పాత లెక్క లేకపోతే కొత్త లెక్క తగ్గిందో పెరిగిందో ఎవరికి తెలుస్తుంది? మన పొదుపు సంఘం పుస్తకం కూడా అంతే కదా. నెల నెలా రాస్తేనే ఎక్కడ తేడా వచ్చిందో తెలుస్తుంది.

ఇంకో మాట. లెక్క వింతగా ఉందని పక్కన పడేయకూడదు. మళ్లీ సరిచూడాలి. నిజమని తేలితే నలుగురికీ చెప్పాలి. అందరూ కలిసి దిద్దుకోవాలి. ఓజోన్ విషయంలో లోకం ఆ పని చేసింది. పొగ విషయంలో ఇంకా చేయాల్సి ఉంది.

మనం అక్షరాలు నేర్చుకున్నాం. అంకెలు నేర్చుకున్నాం. ఇక మన ఊరి గాలి లెక్క కూడా మనమే అడగొచ్చు.

మాట్లాడుకోండి

1. ఏ వాయువు ఉందో ఎండను చూసి ఎట్లా చెబుతారు? సున్నుండల లెక్కతో మీ పక్కవాళ్లకు చెప్పండి.

2. ఉపగ్రహం ఉన్నా నేల మీద యంత్రాలు ఎందుకు కావాలి?

3. మీ ఊళ్లో గాలిని చెడగొట్టేవి ఏవి? ఇటుక బట్టీయా, చెత్త కాల్చడమా, కొయ్యకాళ్లు కాల్చడమా, పొయ్యి పొగా? ఒక కాగితం మీద రాయండి. దాన్ని తగ్గించడానికి ఎవరిని అడగాలో, మనం ఏం చేయాలో కూడా రాయండి. ఆ కాగితం మీ సంఘం సమావేశంలో చదివి వినిపించండి.